కావచ్చును, కాక తప్పదు

బాగేపల్లి తాలూకాలో ఏ పల్లెకు పోయినను వేసవిలో వినవచ్చు ధ్వని యొకటి కలదు. అది బోరుబావి వేయు లారీ యంత్రపు మ్రోత. వేయి అడుగులు దాటినను నీటికి మారుగా తెల్లని దుమ్మే పైకి లేచు చోట్లు మన ప్రాంతమున పెక్కు. అట్టి పొలము గల యొక రైతు కుమారుడు మా పదవ తరగతిలో చదువుచుండెను. రెండు బోర్లు ఎండిపోయినవి. మూడవదానికి అప్పు తేవలెనా వలదా యని ఇంట వాదము జరుగుచుండెను. ఒకనాడు ఆ బాలుడు మాతో నిట్లనెను: "నీళ్లుంటే ఉంటాయి సార్, లేకుంటే లేవు. ఎవరేమనుకున్నా మారేది లేదు. పరీక్షా అంతే కదా? పాసయ్యేదుంటే చదవకపోయినా పాసే. ఫెయిలయ్యేదుంటే చదివినా ఫెయిలే. మరి రాత్రిళ్లు దీపం పెట్టుకొని కూర్చునేదెందుకు? నాయనకు పనిలోకన్నా సాయం పోతాను."

మేము వానిని మందలించితిమి. మందలింపు సమాధానము కాదని మాకును తెలియును, వానికిని తెలియును. వాని వాదములో తప్పున్నదని మనస్సునకు తోచుచుండెనే గాని, ఆ తప్పు ఏ మెట్టున నున్నదో వ్రేలు పెట్టి చూపలేకపోతిమి. పిమ్మట కొన్ని దినములు పుస్తకములు తిరుగవేయగా, ఈ చిక్కు రెండువేల మూడువందల ఏండ్లకు పూర్వమే గ్రీకులను బాధించినదనియు, నేటికిని విశ్వవిద్యాలయములలో దీనిపై పరిశోధన సాగుచున్నదనియు గ్రహించితిమి. ఆ శాస్త్రమును మోడల్ లాజిక్ అందురు. మనము దానిని "వచ్చు–వలెను తర్కము" అని పిలుచుకొందము. పేరు చిన్నదైనను పని యదియే.

సామాన్య తర్కమునకు కావలసినవి రెండే తీర్పులు: అవును, కాదు. చింతామణి చిక్కబళ్ళాపుర జిల్లాలో నున్నదా? అవును. సముద్రతీరమున నున్నదా? కాదు. అంతటితో సరి. కాని మనము దినదినము పలుకు మాటలలో పెక్కు ఈ రెంటికిని లొంగవు. వాన రావచ్చును. రుసుము రేపటిలోగా కట్టవలెను. గోడ ఎక్కరాదు. రెండును రెండును నాలుగు కాక తప్పదు. ఇవి ఉన్నదానిని మాత్రమే కాక, ఉండదగినదానిని, ఉండవలసినదానిని, ఉండజాలనిదానిని గూర్చి చెప్పును. అరిస్టాటిలు ఈ మాటలకు కూడ తర్కమును కల్పింప యత్నించెను. అమెరికా దేశపు సి. ఐ. లూయిస్ 1918లోను, తరువాత లాంగ్ఫర్డుతో కలిసి 1932లోను ప్రకటించిన గ్రంథములతో అది గుర్తుల గణితముగా మారెను. తప్పనిసరి యగుదానికి చిన్న చదరము, వీలగుదానికి కోణముపై నిలిపిన చదరము నేడు గుర్తులుగా వాడుకలో నున్నవి. ఆ రెంటిలో ఒకటి యున్న చాలును. రెండవదానిని దానినుండియే పుట్టింపవచ్చును. ఏలయన, కాకుండుటకు వీలులేనిదే తప్పనిసరి యైనది.

ఇచ్చట మన భాష నేర్పు గమనింపదగినది. "రాక తప్పదు" అను మాటను విప్పి చూడుడు. "రాక" యన్నచో రాకుండుట. "తప్పదు" అన్నచో అట్లు తప్పించుకొను వీలు లేదనుట. రెండు లేమిలు కలిసి ఒక అవశ్యత యైనది. శాస్త్రజ్ఞులు చదరమును, వజ్రపు గుర్తును పెట్టి వ్రాసికొన్న సూత్రమును మన అవ్వలు ఏ పుస్తకమును చదువకయే పలుకుచున్నారు.

ఇంట తెలుగు, సంతలో కన్నడము పలుకు మనకు మరియొక సౌకర్యము కలదు. "నాకు నీళ్లు వలెను" అని మనము కోరిక చెప్పుదుము. "నీవు రావలెను" అని విధియు అదే మాటతో చెప్పుదుము. కన్నడమున "ననగె నీరు బేకు", "నీను బరబేకు" అన్నపుడును సరిగా నిట్లే జరుగుచున్నది. మన "రావచ్చు"నకు వారి "బరబహుదు" సరిజోడు. రెండు భాషలలోను అనుమతికిని సంభావ్యతకును ఒకే రూపము చాలుచున్నది. "తనిఖీ అధికారి నేడు రావచ్చును" అన్నచో ఆయనకు మనము అనుమతి యిచ్చుట లేదు. అట్లు జరుగు వీలున్నదని చెప్పుచున్నాము. "ఇక నీవు లోపలికి రావచ్చును" అన్నచో అది అనుమతియే. తేడా తెలియవలెనన్న కాదని చూడవలెను. మొదటిదానిని కాదనుటకు "వచ్చు వీలు లేదు" అందుము. రెండవదానిని కాదనుటకు "రాకూడదు" అందుము. కాదన్నపుడు అర్థము బయటపడును. వ్యాకరణపు గంటలో ఈ పరీక్షను మా విద్యార్థులతో చేయించి చూచితిమి. సంధులకంటె దీనినే వారు ఉత్సాహముతో చేసిరని చెప్పక తప్పదు.

ఇక ఆ బాలుని మాటలకు వత్తము. వాడు బోరునకును పరీక్షకును ఒకే న్యాయము చెప్పెను. నడుమ వానను కూడ చేర్చుకొని మూడు వాక్యములను ప్రక్కప్రక్కన పెట్టుదము. ఈ చోట నీరుండవచ్చును. రేపు వాన రావచ్చును. నేను పాసు కావచ్చును. వ్యాకరణమున మూడును ఒకటే. తర్కమున మూడును వేరు.

మొదటిది చూడుడు. ఎనిమిదివందల అడుగుల క్రింద బండసందున నీరు ఇప్పుడే యున్నది, లేదా ఇప్పుడే లేదు. అది నిర్ణయమై పోయిన విషయము. టెంకాయను అరచేత నిలిపి పొలమంతయు తిరుగు పెద్దమనిషి గాని, యంత్రములతో వచ్చు భూగర్భశాస్త్రజ్ఞుడు గాని ఆ నీటిని కొత్తగా పుట్టింపరు. కావున ఇచ్చట "వచ్చును" అను మాట భూమిని గూర్చినది కాదు. మన యెఱుకను గూర్చినది. మనకు తెలిసినంతలో నీరు లేదని తేలలేదని దాని యర్థము. ఇట్టి యెఱుక తర్కమునకు 1962లో ఫిన్లాండు దేశీయుడు జాకో హింటిక్క ఒక గ్రంథముతో పునాది వేసెను. ఒకనికి తెలిసినదానితో పొసగు లోకములన్నింటిని ఎదుట పెట్టుకొనుడు. వానిలో ఒక్కదానియందైనను నీరున్నచో "నీరుండవచ్చును". అన్నింటను ఉన్నచో "నీరున్నదని తెలియును". కొత్త సంగతి తెలిసినపుడెల్ల కొన్ని లోకములు రాలిపోవును. లారీవాడు పనిచేసినంత సేపు రాలుచుండునవి అవియే, దానితోపాటు రైతు రూపాయలును.

అయితే ఈ లెక్కలో ఒక పీట ముడి కలదు. "ఇచ్చట నీరుండవచ్చును, కాని లేదు" అని పలికి చూడుడు. చెవికి ఎబ్బెట్టుగా నుండును. పై లెక్క ప్రకారము అందు వైరుధ్యము లేదు. నీరు లేకుండుటయు, లేదని మనకు తెలియకుండుటయు రెండును నిజము కావచ్చును గదా. తెలియనివాడు అట్లు పలుకుట అసంగతము గనుక ఎబ్బెట్టుగా నున్నదని సరిపెట్టుకొనిరి. కాని సేత్ యాల్సిన్ అను పండితుడు 2007లో ఒక వ్యాసమున వేరొక మాట యడిగెను. పలుకుట మానుడు, ఊహించి చూడుడు: ఇచ్చట నీరుండవచ్చును, కాని లేదు అని యనుకొనుడు. ఊహకును అందదు. "నీరు లేదు, ఆ సంగతి నాకు తెలియదు" అని యనుకొనుడు. సులభముగా అందును. రెంటికి అర్థమొకటే యైనచో ఒకటి ఊహకు అందుట, రెండవది అందకుండుట యెట్లు? ఈ ప్రశ్నపై వాదము ఇంకను తెగలేదు. ఒక రైతు నోటిమాటలో ఇంత యున్నదా యని మాకు ఆశ్చర్యము కలిగెను.

రెండవది వాన. రేపటి వాన ఎక్కడను దాగియుండలేదు. సముద్రముపై గాలి యిటు తిరుగవచ్చును, అటు తిరుగవచ్చును. ఇచ్చట తెరచియున్నది మన యెఱుక మాత్రమే కాదు, లోకమే తెరచియున్నది. దీనిని చూపుటకు శాస్త్రజ్ఞులు కాలమును చెట్టుగా గీయుదురు. మొదలు గతము, మనము నిలిచియున్నచోట మాను చీలును, పై కొమ్మలు రాదగిన భవిష్యత్తులు. కదిరి ప్రాంతపు తిమ్మమ్మ మఱ్ఱిమాను వంటి చెట్టు దీనికి పనికిరాదు. దాని ఊడలు దిగి మరల నేలను పట్టును. కాలవృక్షమున విడిపోయిన కొమ్మలు మరల కలియవు. క్రిందికి దిగుటకు దారి యొకటే, పైకి పోవుటకు దారులు పెక్కు.

ఈ చెట్టు పుట్టిన కథ మా విద్యార్థులకు ప్రత్యేకముగా చెప్పదగినది. న్యూజీలాండు దేశీయుడగు ఆర్థర్ ప్రయర్, "అగును", "ఆయెను" అను కాలపు మాటలకు కూడ వచ్చు–వలెనుల వంటి తర్కమును కల్పింపవచ్చునని 1956లో ఆక్స్ఫర్డున ఉపన్యాసములిచ్చి, వానిని 1957లో గ్రంథముగా ప్రకటించెను. 1958 సెప్టెంబరులో ఆయనకు అమెరికానుండి ఒక ఉత్తరము వచ్చెను. భవిష్యత్తు నిర్ణయము కానపుడు కాలమును గీతగా గాక కొమ్మలుగా గీయవలెనని అందులో సూచన. వ్రాసినవాడు పదునేడేండ్ల బాలుడు. పేరు సౌల్ క్రిప్కి. మరుసటి యేడు, 1959లో, వచ్చు–వలెను తర్కమునకు సంపూర్ణతా సిద్ధాంతమును ఋజువు చేసిన వాని వ్యాసము తర్కశాస్త్ర పత్రికలలో పేరుగన్నదానిలో అచ్చయినది. 1963 నాటికి "సంభావ్య లోకములు, వానినడుమ అందుబాటు" అను వాని పద్ధతి ఈ శాస్త్రమునకు రాజమార్గమైనది. ఒక లోకమునుండి చూచినపుడు అందుబాటులోనున్న లోకములన్నింట నిజమైనది తప్పనిసరి. ఒక్కదానిలోనైనను నిజమైనది వీలగునది. అందుబాటు అను మాటకు మనమిచ్చు అర్థమును బట్టి తర్కమే మారును. ఎఱుక యన్నచో ఒక తర్కము, కాలమన్నచో ఒకటి, ధర్మమన్నచో మరియొకటి. క్రిప్కి 2022లో పరమపదించెను. ప్రయర్ ఆ బాలుని ఉత్తరమును చించి పారవేయకపోవుట శాస్త్రము చేసికొన్న పుణ్యమని మా యభిప్రాయము.

గతమునకు కొమ్మలు లేవనుటకు మన క్రియాపదములే సాక్ష్యము. "రేపు వాన పడవచ్చును" అని ఎవరైనను అందురు. "నిన్న వాన పడియుండవచ్చును" అని ఊరిలో లేనివాడే యనును, తడిసినవాడు అనడు. గతమును గూర్చి మిగులునది ఎఱుకలోని "వచ్చు" మాత్రమే. లోకపు "వచ్చు"ను గతమునకు చెప్పదలచినచో వేరొక రూపమును పట్టవలెను: "గాలి తిరుగకున్నచో నిన్న వాన పడియుండెడిది." దీనికి "కాని పడలేదు" అని చేర్చినను చెవికి బాధ లేదు.

ఈ "ఉండెడిది" వాక్యమును మనవారు పూర్వమే శాస్త్రమున నిలిపిరి. తెలుగువాడని ప్రసిద్ధికెక్కిన అన్నంభట్టు 17వ శతాబ్దిలో బాలుర కొఱకు రచించిన తర్కసంగ్రహమున "తర్కము" అను మాటకు ప్రత్యేకార్థమొకటి కలదు. కొండపై పొగ కనబడుచున్నది. నిప్పున్నదా యని సందేహము. అపుడు, నిప్పు లేనిచో పొగయు ఉండెడిది కాదని ఊహించుట తర్కము. నిప్పు లేదని మనకు నమ్మకము లేదు. తెలిసియే లేనిదానిని ఆరోపించుచున్నాము. అందుచేతనే కాబోలు దీనిని సంశయముతోను భ్రమతోను కలిపి అయథార్థ జ్ఞానముల పంక్తిలో కూర్చుండబెట్టిరి. సత్యమునకు సాయపడు ఈ పాపము చేయనివాడు, భ్రమ ప్రక్కన కూర్చుండవలసివచ్చెనే యని మాకు జాలి కలుగును. ఇట్టి వాక్యములకు పాశ్చాత్యులు 1968లో స్టాల్నేకర్, 1973లో డేవిడ్ లూయిస్ వ్రాసిన రచనలతో కొత్త లెక్క కనుగొనిరి: నిప్పు లేని లోకములలో మన లోకమునకు మిక్కిలి దగ్గరిదానిని చూడుము, అందు పొగ యున్నదా లేదా? ఏది దగ్గర, ఏది దూరము అనునదే నేటి చర్చ. కుండ పుట్టక పూర్వము దానికి గల లేమిని, పగిలిన పిమ్మట గల లేమిని వేరు వేరుగా లెక్కించిన నైయాయికులకు భూత భవిష్యత్తుల తేడాలు కొత్త కావు.

ఇపుడు బాలుని వాదమును పట్టుకొందము. "పాసగుదును, లేదా కాను" — ఇది తప్పనిసరి. ఇంతవరకు నిజమే. దీనినుండి వాడు "పాసగుట తప్పనిసరి, లేదా పాసు కాకుండుట తప్పనిసరి" అను దానికి దుమికినాడు. అదియే కాలుజారిన మెట్టు. కబడ్డీ ఆటకు ముందు నాణెము ఎగురవేయుదుము. రెండు జట్లలో ఒకటి టాసు గెలువక తప్పదు. అంతమాత్రమున బాగేపల్లి జట్టు గెలువక తప్పదనియు కాదు, చింతామణి జట్టు గెలువక తప్పదనియు కాదు. తప్పనిసరి యన్న గుర్తు మొత్తము వాక్యమునకు చెందినది. దానిని పగులగొట్టి ముక్కలకు పంచరాదు.

ప్రాచీన గ్రీసున ఈ వాదమునకు సోమరి వాదమని పేరు. రోగి కోలుకొనునది నిర్ణయమైనచో వైద్యుని పిలువనేల యని దాని రూపము. విధిని గట్టిగా నమ్మిన క్రిసిప్పసు సైతము దీనిని ఒప్పుకొనలేదని సిసిరో వ్రాసి యుంచెను. కోలుకొనుట నిర్ణయమైనచో వైద్యుని పిలుచుటయు దానితో ముడివడి నిర్ణయమైనదే యని ఆయన సమాధానము. చెట్టు బొమ్మలో చెప్పవలెనన్న, పాసగు కొమ్మలను పట్టి క్రిందికి దిగి చూడుడు. మిక్కిలిగా అవి దీపము వెలుగుచున్న గదిలోనుండియే బయలుదేరును. మూడవ "వచ్చు" స్వభావమిది. నీరు మన చేతిలో లేదు, వానయు లేదు; ఈ కొమ్మ చీలుచోట మాత్రము మనమే నిలిచియున్నాము. కర్త యొకదానిని "జరుగునట్లు చూచుట" అను దానికే బెల్నాప్, పెర్లాఫ్, షూ అను మువ్వురు ఒక తర్కమును నిర్మించి 2001లో పెద్ద గ్రంథముగా ప్రకటించిరి.

బోరు సంగతిలో కూడ బాలుడు పొరబడెనని మాకు ఆలస్యముగా తోచెను. నీరు మారదు, నిజమే. కాని అప్పు మారును. నీరు లేనిచోట అప్పు చేసిన లోకమును, అప్పు చేయని లోకమును ఒకటి కావు. "ఎవరేమనుకున్నా మారేది లేదు" అన్నది నీటికి చెల్లును, తండ్రి సంతకమునకు చెల్లదు.

మా ప్రాంతమువారెవరైనను ఇచ్చట ఒక అడ్డు ప్రశ్న వేయుదురు. చింతామణి తాలూకాలోని కైవారమున నివసించి, తెలుగునను కన్నడమునను రచనలు చేసిన యోగి నారేయణులను కైవార తాతయ్య యని మనమందరము కొలుతుము. 1726లో పుట్టి నూటపదేండ్లు జీవించెనని సంప్రదాయము. ఆయన కాలజ్ఞానము మన యిండ్లలో ప్రసిద్ధము. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానము సరేసరి. రాబోవునది ముందే చెప్పబడినచో, కొమ్మలు ఇంకెక్కడివి?

భక్తి విషయము భక్తులది. తర్కము చెప్పగలది తర్కము చెప్పును. ఒకడు ఎఱిగినది నిజము కాక తప్పదు. అది "ఎఱిగినచో నిజము" అను ముడికి చెందిన అవశ్యత, జరిగిన పనికి చెందినది కాదు. ఆరవ శతాబ్దిలో రోము పండితుడు బొయీథియసు చెప్పిన సమాధానము ఇంచుమించు ఇదియే. నందికొండపైనుండి క్రింద రోడ్డుపై పోవు లారీని చూచుచున్నాము. చూచుచున్నాము గనుక లారీ పోవుచున్నది నిజము కాక తప్పదు. కాని మన చూపు లారీని తోయుట లేదు. డ్రైవరు బ్రేకు తొక్కియుండినచో మనము ఆగిన లారీని చూచియుండెడివారము.

రెండవ చిక్కు ఇంకను లోతైనది. చెప్పిన మాట చెప్పిననాడే నిజమా, జరిగిననాడు నిజమా? పోలెండు దేశీయుడు లుకాసీవిచ్ 1920లో అవును కాదులకు నడుమ మూడవ విలువ నొకదానిని పెట్టెను. రేపటి మాట నేడు నిజమును కాదు, అబద్ధమును కాదు, సగము. ముచ్చటగా నున్నది గాని, ఆయన లెక్కలో "వాన వచ్చును లేదా రాదు" అన్నదియు సగమే యగును. అది పూర్తిగా నిజమని పసివాడును ఎఱుగును. 1970లో రిచ్మండ్ థామసన్ ఈ లోపమును సవరించెను: అన్ని కొమ్మలలోను నిజమైనదే నిజమనుము. అపుడు విడివిడి మాటలు రెండును తేలకున్నను, "వచ్చును లేదా రాదు" అన్నది నిలుచును. మరికొందరు, కొమ్మలలో ఒకటి జరుగబోవు కొమ్మ యని ఎఱ్ఱగీత గీసియున్నది, మనకు కనబడదు, అంతే యనిరి. బెల్నాప్, గ్రీన్ ఇరువురు 1994లో ఆ ఎఱ్ఱగీతను ఖండించిరి. కొమ్మలన్నియు నిజముగా తెరచియున్నచో గీత యెవరు గీసిరి? నేటికిని దానిని నిలబెట్టువారు కలరు. 2003లో జాన్ మెక్ఫార్లేన్ మూడవ దారి చూపెను: మాట యొకటే, తీర్పు చెప్పు కాలములు రెండు. నేడు తీర్పరి యైనవానికి అది తేలని మాట. జరిగిన పిమ్మట తీర్పరి యైనవానికి అది చెప్పిననాడే నిజము.

మన నానుడి ఈ వాదమున ఎవరి పక్షమో చూడుడు. "తాతయ్య చెప్పిన మాట నిజమాయెను" అందుము. ఆయెను అన్నచో అంతకుముందు కాలేదనుట. మరుక్షణమే "ఆయన అప్పుడే నిజము చెప్పినాడు" అనియు అందుము. రెండు మాటలును ఒకే అరుగుమీద ఒకే నోట వినబడును. మెక్ఫార్లేనుగారు మన అరుగుమీద కూర్చుండియుండినచో సంతోషించెడివారని తలంతుము.

విధినిషేధముల తర్కమును 1951లో ఫాన్ రైట్ ఆరంభించెను. అందలి చిక్కులలో ఒకటి మాత్రము చెప్పెదము, అది మనకు తగులును గనుక. ఒక పరీక్ష ప్రకటనలో "సమాధానములు తెలుగున గాని కన్నడమున గాని వ్రాయవచ్చును" అని యున్నదనుకొనుడు. తెలుగున వ్రాయుటకును అనుమతి యున్నదని చదివినవాడు గ్రహించును. కాని లూయిస్, క్రిప్కిల లెక్కలో "ఇది గాని అది గాని వీలు" అన్నది ఒక్క కన్నడమునకు మాత్రమే వీలున్నను నిజమగును. తెలుగున వ్రాసినవానిని తరువాత త్రోసివేసినను ప్రకటన అబద్ధము కాదనవలెను! ఇట్టి తీర్పును ఏ తండ్రియు ఒప్పుకొనడు. మన గ్రహణము సరియా, లెక్క సరియా? ఫాన్ రైట్, కాంప్ మొదలైనవారు లేవదీసిన ఈ ప్రశ్నకు ఇంకను కొత్త సమాధానములు వచ్చుచున్నవి. ఆమ్‌స్టర్‌డాములో పనిచేయు మరియా అలోని 2022లో ప్రకటించిన వ్యాసమున ఒక సూచన చేసినది: వినువారు ఖాళీగానుండు అవకాశమును లెక్కలోనికి రానీయరు, "గాని" యన్నపుడు రెండు గదులలోను మనుష్యులున్నారనియే తలంతురు. భాషలు రెండున్నచోట చదువుకొను మన పిల్లలకు ఈ "గాని" చిన్న మాట కాదు.

ఇదంతయు అరుగు వాదమేనా, దీనివలన పని జరుగునా యని అడుగువారికి ఒక మాట. ఇజ్రాయేలు దేశీయుడు అమీర్ ప్నూలి 1977లో ప్రయర్ కాలతర్కమును కంప్యూటరు ఆదేశములకు అన్వయించెను. తొట్టి నిండిన పిమ్మట మోటారు ఎన్నడును తిరుగరాదు. మీట నొక్కినచో ఎప్పటికైనను తిరుగవలెను. ఎన్నడును, ఎప్పటికైనను అను రెండు మాటలతో యంత్రపు నడవడిని వ్రాసి, అది తప్పునా తప్పదా యని ముందే ఋజువు చేయవచ్చును. దీనికి ఆయనకు 1996లో ట్యూరింగ్ బహుమానము లభించెను. ఆ పరీక్షను యంత్రమే చేయు పద్ధతిని కనుగొన్న క్లార్క్, ఎమర్సన్, సిఫాకిస్ అను మువ్వురకు 2007 సంవత్సరపు బహుమానము వచ్చెను. మన తాలూకాలనుండి తెల్లవారుజామున బయలుదేరు బస్సులు చేరు బెంగుళూరులో చిప్పుల నమూనాలను ఇట్లు పరీక్షించు ఇంజనీర్లు కలరు. చెన్నైలోని గణితశాస్త్ర సంస్థలో చాలకాలము పనిచేసిన ఆర్. రామానుజం మొదలగువారు ఎఱుక తర్కమును, కాలతర్కమును మన దేశమున పెంచిరి. కాలమును ఒకే గీతగా తలచి వ్రాయుట మేలా, కొమ్మలుగా తలచి వ్రాయుట మేలా యని కంప్యూటరు పండితులును పోట్లాడుకొనిరి. పదునేడేండ్ల బాలుని ఉత్తరము అంతదూరము పోయినది.

మేము ఇంత కూడబెట్టుకొని ఆ విద్యార్థిని పిలిచి, టాసు కథ చెప్పి, నల్లబల్లపై చెట్టు గీసి చూపితిమి. వాడు శ్రద్ధతో వినెను. చీలుచోట చాక్పీసుతో తానే ఒక చుక్క పెట్టి, "నేనిక్కడున్నాను" అనెను. మూడవ బోరునకు సంతకము చేయకముందు భూగర్భశాస్త్రజ్ఞుని పిలిపించి చూపింతుమని తండ్రి ఒప్పుకొన్నాడట. మేము సంతోషించి, "నీవు తప్పక పాసగుదువు" అంటిమి.

వాడు వెంటనే, "ఆ మాట ఇప్పుడు నిజమా సార్?" అని యడిగెను.

ఫలితములు వచ్చిననాడు అడుగుమని చెప్పితిమి.